చిక్కుడు తెగుళ్ల శిలీంధ్రాలు: మందు వేశాక తగ్గింది ఎంజైమా, ఎదుగుదలా?

#1 పెట్రీప్లేట్

ఫ్రెంచ్ చిక్కుడును ఆశించే రెండు శిలీంధ్రాల మీద పరీక్ష నడుస్తోంది. ఒకటి బొగ్గు కుళ్లు తెచ్చే మాక్రోఫోమినా ఫేసియోలినా, రెండోది ఆంత్రాక్నోజ్ తెచ్చే కొలెటోట్రైకమ్ లిండెముథియానమ్. చాపెక్ ద్రవ మీడియంలో (శిలీంధ్రాలను పెంచే లవణాల ద్రావణం) సుక్రోజ్ చక్కెర తీసేసి, పెక్టినేజ్‌ల కోసం 1 శాతం పెక్టిన్, సెల్యులేజ్ కోసం 1 శాతం సీఎంసీ (నీళ్లలో కరిగే సెల్యులోజ్ రూపం) వేశాం; ఈ ఎంజైములు కణగోడలోని పెక్టిన్‌నూ సెల్యులోజ్‌నూ విరగ్గొడతాయి. మందులు నాలుగు: కార్బెండజిమ్ 50 శాతం పొడి, మాంకోజెబ్ 75 శాతం పొడి, టెబుకొనజోల్, సైప్రొడినిల్. డోసులు 10, 50, 100, 250 పీపీఎం. ఏడో రోజున వడగట్టి, ఆ ద్రవంలో పాలీగలాక్చురొనేజ్‌ను (పెక్టినేజ్‌లలో ఒకటి) డీఎన్ఎస్ పద్ధతిలో, అంటే విడుదలైన చక్కెరను రంగుతో కొలిచే పద్ధతిలో, కొలుస్తున్నాం.

డోసు పెరిగేకొద్దీ ఎంజైము తగ్గుతూ పోతోంది, నాలుగింటిలోనూ అంతే. "ఈ మందులు ఎంజైము ఉత్పత్తిని అడ్డుకుంటున్నాయి" అని రాసేయొచ్చా?

#2 తంతువు

రాయకండి. ఈ అంకెలతో అది తేలదు.

ఫ్లాస్కులో బూజే సగానికి పడిపోతే ఎంజైమూ పడిపోతుంది, అందులో వింతేముంది? ఎండు మైసీలియం (బూజు తంతువుల ముద్ద) మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లు వచ్చాయో చూడాలి. లెక్క కోసం ఊహించిన అంకెలు చెబుతాను. మందు లేని ఫ్లాస్కులో 300 మి.గ్రా. మైసీలియం, 60 యూనిట్లు. మందు ఉన్నదాంట్లో 90 మి.గ్రా., 24 యూనిట్లు. మొత్తం చూస్తే 60 శాతం తగ్గింది. మిల్లీగ్రాముకు చూస్తే 0.20 నుంచి 0.27కు పెరిగింది! ఒకే ఫ్లాస్కు నుంచి రెండు వ్యతిరేక నిర్ణయాలు. సాహిత్యంలో "ఫలానా మందు ఎంజైమును 80 శాతం తగ్గించింది" అని కనిపించే వాక్యాల్లో చాలావరకు మొదటి రకం లెక్కలే.

ఇంకో మాట. సున్నితమైన ఐసోలేట్లకు (విడదీసి పెంచిన శిలీంధ్ర నమూనాలకు) కార్బెండజిమ్ ఈసీ50 (ఎదుగుదలను సగానికి తగ్గించే డోసు) చాలాసార్లు 1 పీపీఎం లోపే ఉంటుంది. అక్కడ 10 పీపీఎం నుంచి మొదలుపెడితే చచ్చిన బూజులో ఎంజైము వెతుకుతున్నట్టే. ముందు అదే మీడియంలో ఈసీ50 కట్టి, ఈసీ10, ఈసీ25, ఈసీ50 డోసుల దగ్గర పరీక్షించండి. ఎదుగుదల పెద్దగా తగ్గని డోసులో ఎంజైము తగ్గితేనే అది వార్త.

#3 గింజశుద్ధి

తంతువు గారి మాటకు చిన్న చేర్పు. ఎండు బరువును కూడా గుడ్డిగా నమ్మొద్దు. పొడి మందుల్లో ఉండే చైనా మట్టి లాంటి పూరకాలు, కరగని పెక్టిన్ ముద్దలు తంతువులకు అతుక్కుని బరువు పెంచేస్తాయి. డోసు పెరిగేకొద్దీ ఈ దొంగబరువూ పెరుగుతుంది, మిల్లీగ్రాముకు ఎంజైము తగ్గినట్టు కనిపిస్తుంది. శిలీంధ్రం వేయని ఫ్లాస్కులో కూడా మందు కలిపి, అన్ని రోజులూ ఉంచి, వడగట్టి, ఆ బరువు తీసేయాలి. వడపోత కాగితం ముందే ఆరబెట్టి తూచుకోవాలి. మైసీలియాన్ని డిస్టిల్డ్ నీళ్లతో మూడుసార్లు కడిగి, 60–70 డిగ్రీల్లో బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టాలి.

బరువు వద్దు, శిలీంధ్రాల కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ కొలుద్దాం అనుకుంటారేమో, టెబుకొనజోల్ దగ్గర అది పనికిరాదు. ఆ మందు చేసే పనే ఎర్గోస్టెరాల్ తయారీని ఆపడం. మైసీలియంలోని ప్రొటీనో, కణగోడలోని కైటిన్ నుంచి వచ్చే గ్లూకోజమైనో కొలవడం మేలు.

#4 పెట్రీప్లేట్

అర్థమైంది. మరి మందు నేరుగా ఎంజైమునే పట్టుకుని పనిచేయకుండా ఆపుతోందేమో? దాన్ని ఎలా విడదీయాలి?

#5 స్ఫటికం

అది సులువు. మందు లేని కల్చర్‌ నుంచి వడగట్టిన ద్రవాన్ని 10,000 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పి, పైతేట తీసుకోండి. 12–14 కిలోడాల్టన్ల డయాలిసిస్ గొట్టంలో పోసి, 4 డిగ్రీల్లో రాత్రంతా 50 మిల్లీమోలార్ సోడియం ఎసిటేట్ బఫర్‌లో (పీహెచ్ 5.0) ఉంచండి, మధ్యలో బఫర్ రెండుసార్లు మార్చండి. చక్కెరలన్నీ బయటికి పోతాయి, ఎంజైము లోపలే ఉంటుంది. దీన్ని భాగాలు చేసి, ఫ్లాస్కుల్లో వాడిన డోసులే కలిపి, 30 నిమిషాలు ఆగి కొలవండి.

రియాక్షన్: 0.5 శాతం పాలీగలాక్చురోనిక్ ఆమ్లం (అదే బఫర్‌లో) 0.5 మి.లీ., ఎంజైము 0.5 మి.లీ., 37 డిగ్రీల్లో 30 నిమిషాలు. తర్వాత డీఎన్ఎస్ 1 మి.లీ. వేసి, మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, చల్లార్చి, 540 నానోమీటర్ల దగ్గర చదవండి. స్టాండర్డ్ గీత గ్లూకోజ్‌తో గీయొద్దు, గలాక్చురోనిక్ ఆమ్లంతో గీయండి.

కంట్రోళ్లు మూడు తప్పనిసరి. పది నిమిషాలు మరిగించిన ఎంజైము. డీఎన్ఎస్ ముందు వేసి, ఎంజైము తర్వాత వేసిన గొట్టం. ఎంజైము లేకుండా మందు, సబ్‌స్ట్రేట్ (ఎంజైము తెంపే పదార్థం) మాత్రమే ఉన్న గొట్టం. మూడోదాన్ని చాలామంది పెట్టరు, అక్కడే తిరకాసు. రాగి మందు ఉందనుకోండి, డీఎన్ఎస్‌లోని టార్టరేటు, క్షారం, ఈ రాగి కలిసి ఫెహ్లింగ్ ద్రావణమే అవుతుంది. అది చక్కెరలతో తన పని తను చేసుకుపోతుంది, రంగు తప్పుతుంది. ఎంజైముకు ఏమీ కాకపోయినా అయినట్టు కనిపిస్తుంది.

డీఎన్ఎస్ మీద అనుమానం వస్తే విస్కోమీటరుతో సరిచూసుకోండి. 1.2 శాతం పెక్టిన్ 4 మి.లీ., బఫర్ 1 మి.లీ., ఎంజైము 2 మి.లీ. మొదట కారిన కాలం లోంచి తర్వాత కారిన కాలం తీసేసి, దాన్ని (మొదటి కాలం – నీళ్లు కారే కాలం)తో భాగించి వందతో గుణిస్తే చిక్కదనం ఎంత శాతం పడిపోయిందో వస్తుంది. గొలుసును మధ్యలో తెంపే ఎండో రకం ఎంజైమును ఇది బాగా పట్టిస్తుంది, ఎందుకంటే నాలుగు చోట్ల తెగినా చిక్కదనం ఢమాల్న పడిపోతుంది. చివర్ల నుంచి కొరికే ఎక్సో రకం అయితే డీఎన్ఎస్‌లోనే బాగా కనిపిస్తుంది.

#6 స్ప్రేనాజిల్

ల్యాబు సంగతి సరే, ఏ మందు ఎంజైమును ఎందుకు తగ్గిస్తుందో ఎవరైనా వరసగా చెబుతారా? అన్నీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

#7 తంతువు

నాకూ నచ్చదు, అందుకే విడివిడిగా.

కార్బెండజిమ్ బీటా ట్యూబులిన్‌ను పట్టుకుంటుంది, మైక్రోట్యూబ్యూళ్లు కట్టుకోవు. కణవిభజన ఆగుతుంది, ఎంజైములు నింపుకున్న సంచులు తంతువు కొనదాకా చేరడమూ కుంటుపడుతుంది. శిలీంధ్రాలు ఎంజైమును ఎక్కువగా కొన నుంచే వదులుతాయి కాబట్టి కొన ఆగితే స్రావమూ ఆగుతుంది. కానీ తయారైన ఎంజైముకు ఈ మందు హాని చేస్తుందని అనుకోవద్దు. #5లోని పరీక్షలో తేడా కనిపిస్తే మందును కాదు, ఫార్ములేషన్‌ను (పొడిలో కలిపిన ఇతర పదార్థాలను) అనుమానించండి.

టెబుకొనజోల్, హెక్సాకొనజోల్, డైఫెనకొనజోల్ లాంటివి సీవైపీ51 అనే ఎంజైమును ఆపుతాయి. ఎర్గోస్టెరాల్ తగ్గి పొర బలహీనపడుతుంది. తంతువులు ఉబ్బి వంకర తిరుగుతాయి, లోపలివి బయటికి కారతాయి. అందుకే వీటితో బయటి ద్రవంలో కొన్ని ఎంజైములు పెరగడమూ ఉంటుంది.

ఐప్రోడయోన్, ఫ్లూడియాక్సోనిల్ ద్రవాభిసరణ సంకేతాన్ని తారుమారు చేస్తాయి. తంతువులు ఉబ్బి పగులుతాయి. ఇక్కడ ద్రవంలో బీటా గ్లూకోసైడేజ్ (సెల్యులోజ్ విరిచే ఎంజైముల్లో ఒకటి) పెరిగితే "ఉత్పత్తి పెరిగింది" అని రాయడం పప్పులో కాలేయడమే. ద్రవంలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ ఉందేమో చూడండి. అది కణం లోపల ఉండాల్సిన ఎంజైము, బయట దొరికిందంటే కణం పగిలినట్టే.

అజాక్సిస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్, బోస్కాలిడ్ శ్వాసక్రియను కొడతాయి. ప్రొటీన్ తయారీకీ స్రావానికీ శక్తి చాలదు, అంతే. స్ట్రోబిలురిన్లను ల్యాబులో పరీక్షించేటప్పుడు శిలీంధ్రం ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే పక్కదారి పట్టి తప్పించుకుంటుంది. దాన్ని మూయడానికి శామ్ అనే సాలిసిల్‌హైడ్రాక్సామిక్ ఆమ్లం సాధారణంగా 100 పీపీఎం కలుపుతారు. శామ్ కూడా కొన్ని బూజులకు విషమే, కాబట్టి శామ్ మాత్రమే ఉన్న ఫ్లాస్కు విడిగా ఉండాలి.

మాంకోజెబ్, థైరమ్, కాప్టాన్ చాలా చోట్ల ఒకేసారి, ముఖ్యంగా గంధకం ఉన్న థయాల్ గుంపుల మీద దాడి చేస్తాయి. డైథయోకార్బమేట్లు లోహాలను కూడా పట్టుకుంటాయి. పాలీగలాక్చురొనేజ్‌కు లోహంతో పెద్దగా పని లేదు. ఫినాల్స్‌ను ఆక్సీకరించే లాకేజ్ ఎంజైముకు మాత్రం రాగి కావాలి, అందుకే అది దెబ్బతినే అవకాశం ఎక్కువ. రాగి మందులతో కథ తిరగబడుతుంది: తక్కువ మోతాదు రాగి చాలా శిలీంధ్రాల్లో లాకేజ్‌ను పెంచుతుంది.

#8 స్ఫటికం

సైప్రొడినిల్ వదిలేశారు. ఈ నాలుగింటిలో అసలు ఆసక్తికరమైనది అదే.

సైప్రొడినిల్, పైరిమెథానిల్, మెపానిపైరిమ్ అనిలినోపిరిమిడిన్లు. బోట్రైటిస్ సినేరియా మీద 1990ల మధ్యలో వచ్చిన పనుల్లో మెపానిపైరిమ్, పైరిమెథానిల్ రెండూ కణజాలాన్ని కరిగించే ఎంజైముల స్రావాన్ని తగ్గిస్తాయని తేలింది. ఎంజైము తయారీ కాదు, బయటికి పంపడం ఆగుతుందన్నదే అందులో కీలకం. మెథియొనిన్ తయారీని ఆపుతాయన్నది రెండో వాదన, ఆ గుంపును వర్గీకరించింది దాని ప్రకారమే. తర్వాత నిరోధక ఐసోలేట్ల జన్యువుల్లో వెతికితే మైటోకాండ్రియా వైపు చూపించే మార్పులు బయటపడ్డాయి. కథ ఇంకా ముగియలేదు.

పెట్రీప్లేట్ గారికి పనికొచ్చేది ఇది: ఈస్ట్ సారం, పెప్టోన్, బంగాళదుంప సారం ఉన్న మీడియంలో ఈ మందులు దాదాపు పనిచేయనట్టే కనిపిస్తాయి. అందులోని అమైనో ఆమ్లాలు మందు ప్రభావాన్ని కప్పేస్తాయి. మీరు చాపెక్ వాడుతున్నారు కాబట్టి ఫరవాలేదు. ఇనాక్యులం ముక్క (నాటే శిలీంధ్రం) పీడీఏ (బంగాళదుంప సారం ఉన్న అగర్) నుంచి తెస్తే మాత్రం దానితోపాటు పోషకాలూ వస్తాయి. 5 మి.మీ. బిళ్లను చాపెక్ అగర్ మీద పెంచిన కాలనీ అంచు నుంచే కోయండి.

ఇక స్రావం ఆగిందా, తయారీ ఆగిందా? మైసీలియాన్ని ద్రవ నత్రజనిలో నూరి, లోపల మిగిలిన ఎంజైమునూ కొలవండి. బయట తగ్గి లోపల పేరుకుంటే స్రావం ఆగినట్టు. రెండు చోట్లా తగ్గితే తయారీయే ఆగినట్టు.

#9 పెట్రీప్లేట్

లోపలిది కొలవాలన్న ఆలోచనే రాలేదు, చేర్చుకుంటాం. ఇంకో సందేహం. సుక్రోజ్ మీడియంలో కూడా సమాంతరంగా పెడదామా? అందులో బూజు బాగా వస్తుంది కదా.

#10 వేరుకుళ్లు

పెట్టండి గానీ ఎంజైము కోసం కాదు. చేతికందే చక్కెర ఉన్నంతసేపూ శిలీంధ్రం పెక్టినేజ్, సెల్యులేజ్ జన్యువులను అణచిపెడుతుంది. దీన్ని కేటబొలైట్ రిప్రెషన్ అంటాం. ఇప్పుడు మందు సంగతి చూడండి. మందు వల్ల బూజు నెమ్మదిస్తుంది. నెమ్మదించడం వల్ల చక్కెర ఎక్కువ రోజులు మిగులుతుంది. చక్కెర ఉండడం వల్ల ఎంజైము రాదు. మీరేమో మందు ఎంజైమును ఆపిందని రాస్తారు!

పెక్టిన్ ఒక్కటే ఆహారంగా పెడితే ఈ గొడవ తప్పుతుంది గానీ ఇంకోటి వస్తుంది. ఎంజైము లేకపోతే తిండి లేదు, తిండి లేకపోతే ఎదుగుదల లేదు. ఏది కారణమో ఏది ఫలితమో తేలదు.

బయటపడే దారి మార్పిడి కల్చర్. గ్లూకోజ్ మీడియంలో మందు లేకుండా మైసీలియం పెంచండి. స్టెరైల్ గుడ్డలో వడగట్టి, చక్కెర పూర్తిగా పోయేదాకా స్టెరైల్ నీళ్లతో కడగండి. సమానంగా తూచిన తడి మైసీలియాన్ని 1 శాతం పెక్టిన్ ఉన్న మీడియంలోకి మార్చి, అప్పుడు మందు కలపండి. 6, 12, 24, 48 గంటలకు నమూనా తీయండి. అందరికీ మొదట్లో బూజు సమానమే కాబట్టి ఎంజైములో తేడా వస్తే దాన్ని నమ్మొచ్చు. సైక్లోహెక్సిమైడ్ కలిపిన ఫ్లాస్కు ఒకటి పక్కన పెడితే, కొత్త ప్రొటీన్ అసలు తయారుకాకపోతే ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది.

పెక్టిన్‌ను ఆటోక్లేవ్ చేసేటప్పుడు జాగ్రత్త. తటస్థ పీహెచ్‌లో 121 డిగ్రీల వేడికి పెక్టిన్ గొలుసు తనంతట తనే తెగుతుంది. పీహెచ్ 4.5 దగ్గర ఉంచి, విడిగా స్టెరిలైజ్ చేసి, చల్లారాక లవణాల ద్రావణంలో కలపండి.

#11 గింజశుద్ధి

మందు కలిపే పద్ధతి గురించి.

50 శాతం పొడి 200 మి.గ్రా. 100 మి.లీ. స్టెరైల్ నీళ్లలో కలిపితే అసలు మందు 1000 పీపీఎం. 75 శాతం మాంకోజెబ్ అయితే 133 మి.గ్రా. మీడియం చల్లారాకే కలపాలి. కార్బెండజిమ్ నీళ్లలో లీటరుకు సుమారు 8 మి.గ్రా. మించి కరగదు, కాబట్టి పీపెట్ తీసే ప్రతిసారీ సీసా కుదపకపోతే డోసు మారిపోతుంది. కాప్టాన్ వాడితే పీహెచ్ మీద కన్నుండాలి, క్షారంలో అది నిమిషాల్లో విరిగిపోతుంది. నైట్రేటు ఉన్న చాపెక్‌లో బూజు పెరిగేకొద్దీ పీహెచ్ పైకే పోతుంది మరి.

ఫార్ములేషన్‌లోని తడిపే పదార్థాల సంగతీ ఉంది. సర్ఫాక్టెంట్లు కొన్ని శిలీంధ్రాల్లో ఎంజైముల స్రావాన్ని పెంచుతాయని 1969 నుంచే తెలుసు, ట్వీన్ 80ని సెల్యులేజ్ కోసం వాడేది అందుకే. సాంకేతిక శ్రేణి (పూరకాలు కలపని) మందు తెచ్చి అసిటోన్‌లోనో డీఎంఎస్‌వోలోనో కరిగించి, ద్రావకం 0.5 శాతం దాటకుండా అన్ని ఫ్లాస్కుల్లో (కంట్రోల్‌తో సహా) సమానంగా ఉంచితే మేలు.

పొడి మందులు స్టెరైల్ కావు. వాటితో వచ్చే బ్యాక్టీరియా పెక్టేట్ లయేజ్ (పెక్టిన్ గొలుసును తెంపే ఇంకో ఎంజైము) వదిలి లెక్కంతా పాడుచేస్తుంది. వడగట్టిన ప్రతి ద్రవాన్నీ న్యూట్రియెంట్ అగర్ మీద ఒక గీత గీసి చూడండి.

#12 తంతువు

పీహెచ్ మాట వచ్చింది కాబట్టి: నమూనా తీసిన ప్రతిసారీ పీహెచ్ రాసుకోండి. పాలీగలాక్చురొనేజ్‌కు పీహెచ్ 4.5–5.5 అనుకూలం. పెక్టేట్ లయేజ్‌కు 8–9, పైగా కాల్షియం కావాలి. మందు వల్ల బూజు పెరగక మీడియం ఆమ్లంగానే ఉండిపోతే ఒక ఎంజైము, పెరిగి క్షారమైతే ఇంకో ఎంజైము పైకి వస్తాయి. లయేజ్‌ను 235 నానోమీటర్ల దగ్గర, పీహెచ్ 8.5లో, 1 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌తో కొలవండి. కాల్షియం ఎక్కువైతే సబ్‌స్ట్రేట్ జెల్లీ కడుతుంది.

రెండు శిలీంధ్రాలనూ ఏడో రోజునే తీయడం నాకు మింగుడుపడలేదు. మాక్రోఫోమినా 30 డిగ్రీల్లో అప్పటికి ఫ్లాస్కు నిండి, మైక్రోస్క్లెరోషియాతో నల్లబడి ఉంటుంది. ఆ నల్ల గింజల బరువు తూగుతుంది గానీ అవి ఎంజైము వదలవు. కొలెటోట్రైకమ్ 20–22 డిగ్రీల్లో నెమ్మదిగా వస్తుంది, ఏడో రోజుకు అప్పుడే కుదురుకుంటుంది. రోజుతో కాదు, ఎదుగుదల దశతో పోల్చండి.

#13 స్ప్రేనాజిల్

తెల్ల కుళ్లు తెచ్చే స్క్లెరోటీనియా సంగతేంటి? అక్కడ ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఉంటుంది కదా. ఎంజైము ఒక్కటే కొలిస్తే సరిపోతుందా?

#14 వేరుకుళ్లు

సరిపోదు. ఆక్సాలిక్ ఆమ్లం రెండు పనులు చేస్తుంది. కణజాలం పీహెచ్‌ను ఎంజైముకు నచ్చే స్థాయికి దించుతుంది. కణాల మధ్య పెక్టేట్‌లో ఉన్న కాల్షియంను లాగేసి గొలుసును ఎంజైముకు అప్పగిస్తుంది. స్క్లెరోషియం రాల్ఫ్‌సైలో ఈ జోడీ పనిని బేట్‌మన్, బీర్ 1965లోనే చూపించారు. మందు ఆక్సాలిక్ ఆమ్లాన్ని తగ్గించినా, ఎంజైము యూనిట్లు మారకుండానే కుళ్లు తగ్గొచ్చు. అగర్‌లో లీటరుకు 50 మి.గ్రా. బ్రోమోఫినాల్ బ్లూ కలిపితే ఆమ్లం వదిలిన మేర పసుపు వలయం వస్తుంది. ఇది ఆమ్లాన్ని చూపిస్తుందే గానీ ఆక్సాలేటే అని తేల్చదు. ఖచ్చితమైన అంకె కావాలంటే కాల్షియం లవణంగా అవక్షేపించి, పొటాషియం పర్మాంగనేటుతో టైట్రేట్ చేయాలి.

#15 స్ప్రేనాజిల్

పొలం వైపు నుంచి ఒకటి అడుగుతా. మందు కొట్టాక కూడా మచ్చలు కొంత పెరుగుతాయి. ఎంజైములే కారణమా?

#16 తంతువు

కొంతవరకు అవే. అప్పటికే బయటికి వచ్చిన ఎంజైము బూజు చచ్చినా కణజాలంలో పనిచేస్తూనే ఉంటుంది, మందు దాన్ని వెనక్కి పిలవలేదు. కొలెటోట్రైకమ్ మొదట్లో బతికున్న కణంలో ఒద్దికగా ఉండి, తర్వాత సన్నటి రెండోదశ తంతువులు వేసినప్పుడే పెక్టినేజ్‌లను జోరుగా వదులుతుంది. మచ్చ కనబడిందంటే ఆ దశ దాటినట్టే. స్క్లెరోటీనియాకు పూత మొదలవగానే కొట్టమనేదీ అందుకే. దాని బీజాలు వాడిన పూరేకుల మీద తిండి సంపాదించుకుని, అక్కణ్ణుంచి కాయకూ కాండానికీ పాకుతాయి.

#17 పెట్రీప్లేట్

రోగం సోకిన కాండం నుంచే ఎంజైము తీసి, మందు కొట్టిన మొక్కతో, కొట్టని మొక్కతో పోల్చితే?

#18 స్ఫటికం

చేయొచ్చు, కానీ చిక్కుడులో ఒక అడ్డంకి ఉంది. చిక్కుడు కణగోడల్లో పాలీగలాక్చురొనేజ్‌ను పట్టి ఆపే పీజీఐపీ అనే ప్రొటీన్ దండిగా ఉంటుంది. కణజాలం నూరగానే అది శిలీంధ్రం ఎంజైముకు అతుక్కుంటుంది, కొలెటోట్రైకమ్ ఎంజైమునైతే గట్టిగా పట్టుకుంటుంది. పీజీఐపీ మోతాదు గాయంతో, రోగంతో మారుతుంది కాబట్టి రెండు మొక్కల మధ్య తేడా మందుది కాకపోవచ్చు. ఫినాల్స్‌ను పట్టుకోవడానికి నూరేటప్పుడు పీవీపీపీ కలపండి. తెలిసిన మోతాదు శుద్ధ ఎంజైమును సారంలో వేసి, ఎంత తిరిగి దొరుకుతుందో ప్రతి నమూనాకూ చూడండి.

దానికంటే ఆర్‌ఎన్‌ఏ నమ్మకం. కొలెటోట్రైకమ్‌లో పాలీగలాక్చురొనేజ్‌కు చెందిన సీఎల్‌పీజీ1, సీఎల్‌పీజీ2 జన్యువులను చూడొచ్చు. కార్బెండజిమ్ వాడిన నమూనాల్లో బీటా ట్యూబులిన్‌ను రిఫరెన్స్ జన్యువుగా పెట్టొద్దు.

#19 వేరుకుళ్లు

నిరోధక ఐసోలేట్ దొరికితే అంతకు మించిన కంట్రోల్ లేదు. బీటా ట్యూబులిన్‌లో 198వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు అలనిన్ వచ్చిన ఐసోలేట్‌కు కార్బెండజిమ్ పెద్దగా పట్టదు. అదే డోసు దానికీ, సున్నితమైన దానికీ వేయండి. ఎంజైము సున్నితమైన దాంట్లో మాత్రమే తగ్గితే అది ట్యూబులిన్ ద్వారా వచ్చిన ప్రభావం. రెండిట్లోనూ తగ్గితే పొడిలోని ఇతర పదార్థాలనో కొలత పద్ధతినో అనుమానించండి.

#20 పెట్రీప్లేట్

ఇలా మార్చుకుంటున్నాం: చాపెక్ మీదే ఈసీ50, తర్వాత మార్పిడి కల్చర్ నాలుగు సమయాల్లో, ద్రవంలోనూ మైసీలియంలోనూ కొలత, డయాలిసిస్ చేశాక మందు నేరుగా కలిపిన పరీక్ష. సెల్యులేజ్‌కు ప్లేటు పద్ధతి చాలా?

#21 గింజశుద్ధి

జల్లెడ పట్టడానికి చాలు. సీఎంసీ అగర్‌ను 0.1 శాతం కాంగో రెడ్‌తో 15 నిమిషాలు తడిపి, 1 మోలార్ ఉప్పు ద్రావణంతో కడిగితే ఎంజైము పాకినంత మేర పాలిపోయిన వలయం కనిపిస్తుంది. కాలనీని నేరుగా పెంచొద్దు, పరిమాణం మారిపోతుంది. అగర్‌లో 5 మి.మీ. గుంటలు తీసి, మైసీలియం బరువుకు తగ్గట్టు సరిచేసిన ద్రవాన్ని సమానంగా పోయండి. వలయం వ్యాసం ఎంజైము మోతాదు లాగరిథమ్‌తో పెరుగుతుంది. రెండింతలు వలయం అంటే రెండింతలు ఎంజైము అని కాదు, అందుకే పలుచన చేసిన ప్రామాణిక సెల్యులేజ్ వరస ప్రతి ప్లేటులోనూ ఉండాలి.